గుగ్గిలం చేతికొస్తే: ఏరడం నుంచి కాచి వాడేదాకా

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ చుట్టుపక్కల సంతలకు వెళ్ళేవాళ్ళకు గుగ్గిలం కొత్త కాదు. చింతపండు బుట్టలూ కొండచీపుళ్ళ కట్టలూ దాటి కాస్త లోపలికి వెళితే ఆకు మీద కుప్పగా పోసిన గోధుమరంగు గడ్డలు కనిపిస్తాయి, చెట్టు నుంచి కారి గట్టిపడినవి. ఒడియావాళ్ళు ఝుణా అంటారు, మనం గుగ్గిలం అంటాం. మన ఇళ్ళలో దానితో పని చాలావరకు ధూపం దాకానే. శుక్రవారం సాయంత్రం నిప్పుల మీద చిటికెడు వేసి, మిగతాది డబ్బాలో పోసి అటక మీద పెట్టేస్తారు.

ఇదే గుగ్గిలంతో మన పెద్దవాళ్ళు పడవ సందులు పూడ్చారు, కత్తి పిడులు బిగించారు, పగిలిన మడమలకు మలాము చేసుకున్నారు. ఇన్ని పనుల వెనక ఉన్నది ఒకే కిటుకు. గుగ్గిలం ఒట్టిదైతే గట్టిగా ఉంటుంది కానీ పెళుసు, దెబ్బ తగిలితే చిట్లుతుంది. నూనె కలిస్తే సాగుతుంది. ఇటుక గుండ కలిస్తే కుదురుకుని బరువు మోస్తుంది. ఎంత నూనె, ఎంత గుండ, ఎంత సెగ అన్నది చేతికి పట్టుబడితే కొలతల కాగితం అక్కర్లేదు. ఆ పట్టు రావడానికే ఇదంతా వివరంగా రాస్తున్నాను.

ముందు సరుకు గుర్తుపట్టండి

చెట్టు నుంచి కారేదంతా ఒకటి కాదు. తుమ్మ బంక, వెలగ బంక నీళ్ళలో కరుగుతాయి. తపసి జిగురు నీళ్ళలో ఉబ్బి జావలా అవుతుంది. ఇవి బంకలు. ఒడిశా పటచిత్రాల్లో రంగులు కట్టుబడడానికి వెలగ బంకే వాడతారు. తపసి జిగురు మన ఏజెన్సీలో పెద్ద సరుకు, 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ దాన్ని ఏళ్ళుగా కొంటూ వస్తోంది. గుగ్గిలం ఈ కోవలోది కాదు. అది నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది, నిప్పు తగిలితే కరిగి మండుతుంది. పడవకు బంక పూస్తే మొదటి అలకే కొట్టుకుపోతుంది. గుగ్గిలం పూస్తే నిలుస్తుంది. లక్క మరొకటి. అది చెట్టు కార్చేది కాదు, మోదుగ, రేగు, కుసుమ్ కొమ్మల మీద బతికే పురుగు కార్చేది. గాజులకూ ఏటికొప్పాక బొమ్మల రంగులకూ వాడేది అదే.

ఇక గుగ్గిలం పేరుతో దొరికేవాటిలో మూడు రకాలున్నాయి. మనకు కావలసింది శాల చెట్టుది, గుగ్గిలం చెట్టు అని మనవాళ్ళు పిలిచేది. కోరాపుట్, రాయగడ, గజపతి కొండల్లో అడవిలా పెరిగి, దక్షిణాన ఉత్తరాంధ్ర కొండల దగ్గర పలచబడిపోతుంది. శేషాచలం వైపు దాని బంధువు తంబ జాలారి నుంచి కూడా ఇలాంటి గుగ్గిలమే వస్తుంది. రెండోది మహిషాక్షి గుగ్గిలం. ఆయుర్వేద మందుల్లో పడేది అదే. అది రాజస్థాన్, గుజరాత్ ఎడారి పొదల నుంచి వస్తుంది, ముదురు రంగులో మెత్తగా అంటుకునేలా ఉంటుంది. ఆ పొద అడవిలో అంతరించిపోయే స్థితికి వచ్చింది కాబట్టి ధూపానికి దాన్ని తగలబెట్టొద్దని నా మాట. మూడోది కొట్లలో చవగ్గా అమ్మే రోసిన్. హిమాలయాల పైన్ చెట్ల పాల నుంచి టర్పెంటైన్ తీయగా మిగిలేది. అది చెడ్డ సరుకు కాదు, కానీ గుగ్గిలం ధర పెట్టి కొనాల్సింది మాత్రం కాదు.

తేడా చూడడం సులువే. శాల గుగ్గిలం గడ్డ మసకగా, గోధుమ రంగులో, లోపల బెరడు ముక్కలూ మట్టీ చిక్కుకుని ఉంటుంది. రోసిన్ పసుపు గాజు పెంకులా నిగనిగలాడుతుంది, మరీ శుభ్రంగా ఉంటుంది. ముక్కను విరిచి నిప్పు మీద వేయండి. టర్పెంటైన్ వాసన ఘాటుగా వస్తే అది రోసినే. బంక కలిసిందేమో అనుమానముంటే పిడికెడు గుండను రాత్రి నీళ్ళలో నానబెట్టండి. పొద్దున్నకి నీళ్ళు జిగటగా మారితే కల్తీ ఉన్నట్టు.

చెట్టు దగ్గర

చెట్టుకు గుగ్గిలం గాయం మాన్పే మందు. బెరడు చిట్లినా, కొమ్మ విరిగినా, పురుగు తొలిచినా అక్కడ తెల్లగా ఊరి, గాలి తగిలి గోధుమ రంగుకు తిరిగి గట్టిపడుతుంది. అందుకే ఏరేటప్పుడు ఒక నియమం పెట్టుకోవాలి: రాలినది తీయండి, పూర్తిగా ఎండి బెరడుకు ఎడంగా వేలాడేది తీయండి, మెత్తగా ఊరుతున్నదాన్ని ముట్టుకోవద్దు. దాన్ని గీకితే గాయం మళ్ళీ తెరుచుకుంటుంది.

పూర్వం వానలు మొదలయ్యే రోజుల్లో మొదలుకు నిలువుగా బెరడు పట్టీలు చెక్కేవారు. పదీ పన్నెండు రోజుల్లో ఆ గాడులు నిండేవి, తీసుకుని మళ్ళీ నిండనిచ్చేవారు. దిగుబడి బాగానే వచ్చేది, చెట్టు మాత్రం ఏటికేడు నీరసించేది. ఇప్పుడు ఆ పని ఎవరూ చేయకూడదు. శాల చెట్టు ఆకు విస్తరికి పనికొస్తుంది, గింజ నూనెకు పనికొస్తుంది. గుగ్గిలం కోసం ఆ చెట్టును పోగొట్టుకోవడం తెలివితక్కువ.

మరో సంగతి గమనించాలి. ఒకే చెట్టు మొదలంతా గుగ్గిలం ధారలు కట్టి, కింద రంపపు పొట్టు లాంటి పొడి రాలి ఉంటే అది మీ అదృష్టం కాదు, ఆ చెట్టుకు పురుగు పట్టిందని గుర్తు. శాలను తొలిచే పెంకుపురుగు పిల్లలు బెరడులోకి దూరితే, వాటిని ముంచి చంపడానికి చెట్టు అలా గుగ్గిలం కారుస్తుంది. చుట్టుపక్కల మరికొన్ని చెట్లు అలాగే కనిపిస్తే ఊళ్ళోవాళ్ళకో, ఫారెస్టు గార్డుకో చెప్పండి. పురుగు పట్టిన చెట్లను వేళకు తీయకపోతే అడవికడవే దెబ్బతింటుంది.

ఏరే హక్కు ఎవరిదన్నది కూడా తేల్చుకోవాలి. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయాన్ని సేకరించి అమ్ముకునే హక్కును తరాలుగా అక్కడ బతుకుతున్న గిరిజనులకూ, ఇతర సంప్రదాయ అటవీ నివాసులకూ ఇచ్చింది. పట్నం నుంచి బండి మీద వెళ్ళే మనకు కాదు. కాబట్టి అడవిలో మనం చూసి నేర్చుకోవాలి, సరుకు సంతలో కొనుక్కోవాలి. బుధవారం చాటికోన, గురువారం ఒనుకుడెల్లి, శుక్రవారం కుందులి సంతల్లో కొండ సరుకులు తెచ్చే అమ్మలు ఉంటారు. ఏ కొండ నుంచి తెచ్చారో, ఎప్పుడు ఏరారో వాళ్ళనే అడగండి. బేరం మరీ గీసి ఆడొద్దు. రెండు గుప్పిళ్ళ గుగ్గిలం ఏరడానికి ఎంత కొండ ఎక్కాలో ఆ అమ్మకు తెలుసు. బస్తాల లెక్కన కొని ఆంధ్రలోని పాతపట్నం వైపు దాటించేటట్టయితే మాత్రం అటవీ శాఖ కాగితాల సంగతి ముందే కనుక్కోండి.

శుభ్రం చేయడం

తెచ్చిన సరుకును ముందు నీడన రెండు మూడు రోజులు ఆరబెట్టండి. మండుటెండలో పోస్తే గడ్డలు మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుని, మట్టిని కూడా లోపలికి లాక్కుంటాయి. ఆరాక పెద్ద బెరడు ముక్కలు చేత్తో ఏరి, పొద్దున్నే చల్లటి వేళ రోట్లో వేసి దంచండి. వేళ చూసి దంచమనడానికి కారణముంది. మధ్యాహ్నం దంచితే రోకలి రాపిడికి గుగ్గిలం రోటికి పట్టేస్తుంది. మెల్లగా కుమ్మినట్టు దంచి, జల్లించి, పైన మిగిలిన పొట్టు పారేయండి.

ధూపానికి ఈ గుండ చాలు. పూతలకూ మలాముకూ ఎలాగూ నూనెలో కరిగించాక వడకడతాం కాబట్టి ఇప్పుడే మరీ మెత్తగా చేయక్కర్లేదు. మిక్సీలో మాత్రం వేయకండి. జారు వేడికి గుగ్గిలం కరిగి బ్లేడుకు పట్టి, ఆ జారు ఇక వంటకు పనికిరాదు. అంతకన్నా పెద్ద ప్రమాదం మెత్తటి గుండ గాల్లో లేవడం. అది నిప్పంటుకుంటే భగ్గున లేస్తుంది. దంచే చోట దీపం, పొయ్యి, బీడీ ఏవీ ఉండకూడదు.

ఆ భగ్గుమనే గుణాన్నే గంజాం జిల్లా దండ నాటంలో చూస్తాం. చైత్రంలో మేష సంక్రాంతి దాకా సాగే ఆ వ్రతంలో భక్తులు కాగడా మీదికి ఝుణా గుండ విసిరితే ఆకాశానికి మంట లేస్తుంది. ఏళ్ళ తరబడి గురువు దగ్గర నేర్చుకుని, గాలి వాటం చూసి, జనాన్ని దూరం జరిపి చేసే పని అది. ఇంటి దగ్గర పిల్లలకు చూపించే ఆట కాదు.

ధూపం వేసే తీరు

చాలామంది ఎర్రగా రాజుకున్న నిప్పుల మీద నేరుగా గుగ్గిలం చల్లుతారు. అది మంటపడుతుంది, నల్లటి మసి లేస్తుంది, ముక్కు మండుతుంది, ఇది చెడ్డ సరుకని తిట్టుకుంటారు. తప్పు సరుకుది కాదు, సెగది.

కొబ్బరి చిప్ప బొగ్గులు గానీ పిడక ముక్క గానీ రాజేసి, మీద బూడిద పొర కట్టేదాకా ఆగండి. ఎర్రదనం పైకి కనిపించకూడదు, అరచెయ్యి జానెడు ఎత్తులో పెడితే వేడి తగలాలి. అప్పుడు చిటికెడు గుండ వేస్తే ముందు నూనెబొట్టులా కరిగి, అంచుల్లో బుడగలు లేచి, తెల్లటి పొగ తీగలా పైకి సాగుతుంది. ఆ చిటికెడు అయిపోయాకే మరో చిటికెడు. ఒకేసారి చెంచాడు కుమ్మరిస్తే నిప్పు ఆరుతుంది, లేదా మంట లేస్తుంది.

ఒట్టి గుగ్గిలం వాసన కాస్త కరుకు. రెండు వంతుల గుగ్గిలానికి ఒక వంతు సాంబ్రాణి కలిపితే తీపిదనం వస్తుంది. ఎండిన వేపాకు కొద్దిగా నలిపి వేసేవాళ్ళూ ఉన్నారు. పొగ ఉన్నంతసేపు దోమలు తగ్గిన మాట నిజమే. కానీ మనది మలేరియా ఉన్న కొండ ప్రాంతం. రాయగడ, కోరాపుట్‌లలో ఉండేవాళ్ళు ధూపాన్ని నమ్ముకుని దోమతెర మానేయకూడదు. కిటికీ తెరిచి వేయండి. పసిపిల్ల తలకు సాంబ్రాణి పట్టడం మన ఆచారమని నాకూ తెలుసు. అయినా ఆ పొగ పసి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ధూపం వేసిన గదిలోకి పొగ పోయాక బిడ్డను తీసుకెళితే ఆచారమూ నిలుస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్ళ ఇంట్లో అసలు వద్దు.

కాచే ముందు

ఇక్కడి నుంచి చెప్పేవన్నీ పొయ్యి మీది పనులు. గుగ్గిలమూ నూనే రెండూ మండేవే, రెండూ కలిసి కాగుతుంటాయి. అందుకని ఈ పేరా దాటేసి ముందుకు వెళ్ళకండి. ఆరుబయట, పూరిల్లు గడ్డివాము లేని చోట కాయండి. గిన్నెలో మూడో వంతుకు మించి నింపొద్దు, ఎందుకంటే గుగ్గిలంలో తడి ఉంటే నురుగు ఒక్కసారి పొంగుతుంది. మంట నాలుకలు గిన్నె అంచు దాకా రాకుండా, నిప్పుల సెగ మీదే కాయండి. గిన్నెకు సరిపోయే మూత, బకెట్ ఇసుక చేతికందే దూరంలో ఉండాలి. అంటుకుంటే మూత పెట్టి పొయ్యి మీంచి కదపకుండా నిప్పు లాగేయండి. నీళ్ళు పోస్తే మండే నూనె ఎగిరి మీద పడుతుంది. పాలిస్టర్ బట్టలు వద్దు, నూలు బట్టలు, చేతికి గోనెగుడ్డ, కాళ్ళకు చెప్పులు.

కాగిన గుగ్గిలం ఒంటి మీద పడితే తుడవొద్దు, పీకొద్దు. చర్మం కూడా ఊడొస్తుంది. ఇరవై నిమిషాలు చల్లటి నీళ్ళ ధార కింద పెట్టి, అంటుకున్నది అంటుకున్నట్టే ఉంచి ఆస్పత్రికి వెళ్ళండి.

ఈ గిన్నె మళ్ళీ వంటింట్లోకి రాకూడదు. పాత అల్యూమినియం గిన్నె గానీ తగరపు డబ్బా గానీ దీనికని పక్కన పెట్టేయండి.

పడవ సందులు, చెక్క పగుళ్ళు

గోపాలపూర్ నుంచి బాహుదా నది మొగ దాకా గంజాం తీరంలో మన తెలుగు బెస్తవాళ్ళ పేటలున్నాయి. అక్కడ పడవ అలలను చీల్చుకుని ఇసుక మీదికి రావాలి. అందుకే అక్కడి పాత పడవలకు మేకులు కొట్టేవారు కాదు. పలకలకు బెజ్జాలు వేసి కొబ్బరి తాళ్ళతో కుట్టేవారు. పడవ నేలకు గుద్దుకున్నప్పుడు మేకులైతే పలకను చీలుస్తాయి, కుట్టు అయితే కాస్త కదిలి సర్దుకుంటుంది. సందులో పెట్టేది కూడా పలకతో పాటు కదలాలి. ఒట్టి గుగ్గిలం అక్కడ ఒక్క రోజు నిలవదు, చిట్లిపోతుంది. నూనె ఎంత కలపాలన్నది ఈ కదలికను బట్టే.

ఇప్పుడు తీరమంతా ఫైబర్ బోట్లే. కానీ చెరువులో చిన్న నాటుపడవ ఉన్నవాళ్ళకూ, చెక్క తొట్టి, దూలం పగులు, పాత తలుపు సందు బాగు చేసుకునేవాళ్ళకూ ఇదే పద్ధతి పనికొస్తుంది.

చెక్క బాగా ఎండాలి. ఇది పట్టించుకోకపోతే మిగతా పనంతా వృథా. తడి చెక్కకు గుగ్గిలం పట్టదు, పైన పొక్కులా లేచి ఊడిపోతుంది. పాత పూతను గీకి, సందులో దుమ్ము దులపండి. కొబ్బరి పీచునో జనపనారనో సన్న పేట్లుగా పేని నూనెలో ముంచి పిండి, మొండి ఉలితో, కొయ్య సుత్తితో సందులోకి దిగ్గొట్టండి. పైన గోరంత లోతు ఖాళీ ఉంచాలి, గుగ్గిలం కూర్చునేది అక్కడే.

కాచడానికి తూకం లెక్కన నాలుగు వంతుల గుగ్గిలానికి ఒక వంతు నూనెతో మొదలుపెట్టండి. ముందు నూనె వేడెక్కాలి. తర్వాత గుండను గుప్పెడు గుప్పెడు చల్లుతూ కర్రతో అడుగు దాకా కలపండి. మొదట ముద్దలు కడుతుంది, కంగారుపడొద్దు. నురుగు లేస్తే సెగ తగ్గించండి. నురుగు అణిగి, పైన నల్లగా నునుపుగా తేలిందంటే కరిగినట్టే. పొట్టు ఎక్కువుంటే ఇనప జల్లెడలో వడకట్టండి.

ఇప్పుడు అసలు పరీక్ష. అరిసెల పాకం చూసినట్టే, గిన్నెడు చన్నీళ్ళలో ఒక చుక్క వేసి నిమిషం ఆగి తీయండి. వేళ్ళ మధ్య వంచండి. టక్కున విరిగితే నూనె చాలలేదు, చెంచాడు పోసి కలిపి మళ్ళీ చూడండి. వేలికి అంటుకుని తీగలు సాగితే నూనె ఎక్కువైంది, గుప్పెడు గుండ వేయండి. వంగి, మెల్లగా తిరిగి కుదురుకుని, గోరు నొక్కితే గుర్తు పడాలి కానీ గోరుకు అంటకూడదు. అదీ పాళం. ఈ పాళం రుతువును బట్టి మారుతుంది. మాఘంలో చేసిన పూత వైశాఖపు ఎండకు కారుతుంది, వైశాఖంలో సరిపోయింది మాఘం చలికి చిట్లుతుంది. మా వైపు ఎండలే ఎక్కువ కాబట్టి కొద్దిగా గట్టివైపే ఉంచడం నాకు నచ్చుతుంది, కదిలే పడవకైతే మాత్రం మెత్తవైపు.

పలకను ఎండలో పెట్టి వేడెక్కనిచ్చి, కర్రకు గుడ్డ చుట్టి, వేడిగా ఉన్నప్పుడే సందులో నింపండి. చల్లారాక లోపలికి కుంగితే మరో పొర. పైకి తేలిన ఎచ్చుతగ్గులు వేడి చేసిన అట్లకాడతో నున్నగా చేయొచ్చు.

చెక్క అంతటా పూసే పూతకు లెక్క తిరగబడుతుంది: ఒక వంతు గుగ్గిలానికి రెండు వంతుల నూనె. ఇక్కడ ఏ నూనె అన్నది ముఖ్యం. అవిసె నూనె గాలి తగిలి తనంతట తాను గట్టిపడుతుంది, అందుకే పూతకు అదే మేలు. మన కొండల్లో పండే వలిసె నూనె కూడా కొంతవరకు ఆరుతుంది, కాకపోతే ఆలస్యంగా. ఆముదం, వేరుశనగ నూనె ఎన్నాళ్ళున్నా ఆరవు, బంకబంకగా దుమ్ము పట్టుకుంటాయి. వేప, కానుగ నూనెలు కొద్దిగా కలిపితే పురుగు దూరంగా ఉంటుంది. అవిసె నూనె తుడిచిన గుడ్డలను మాత్రం ఉండ చుట్టి మూలన పడేయకండి. ఆరేటప్పుడు పుట్టే వేడికి అవి వాటంతటవే అంటుకుంటాయి. విప్పి తీగ మీద ఆరేయండి, లేదా నీళ్ళలో ముంచి పారేయండి.

పిడులు బిగించడం, చేతిపనులు

కొడవలి, కత్తిపీట, ఉలి పిడి వదులైతే ఇటుక గుండ కలిపిన గుగ్గిలం వాడాలి. ఇక్కడ కదలిక వద్దు, బరువు మోయడం కావాలి. గుగ్గిలం రెండు వంతులు, మెత్తగా జల్లించిన పాత ఇటుక గుండ రెండు వంతులు, తేనెమైనం పావు వంతు. మైనం, గుగ్గిలం కరిగాక ఇటుక గుండను వేడి చేసి కలపండి. చల్ల గుండ వేస్తే ముద్ద కట్టి కలవదు. పిడి బెజ్జంలోని పాత మట్టి తీసి, వేడి ముద్దను కూరండి. కత్తి తోకను కూడా వేడి చేసి నిటారుగా దింపండి. రెండు గంటలు కదపొద్దు. మళ్ళీ విప్పాలంటే తోకను వేడి చేస్తే చాలు, పిడి పాడవకుండా ఊడొస్తుంది. ఇప్పటి గమ్ములన్నిటిలో ఈ సౌకర్యం ఉండదు.

కంసాలులు రేకు మీద నగిషీ కొట్టేటప్పుడు కింద పరిచేది కూడా ఈ జాతి మిశ్రమమే. కాస్త నూనె ఎక్కువ ఉంటుంది, సుత్తి దెబ్బకు రేకు కింద కొద్దిగా లొంగి, మళ్ళీ పట్టి నిలబెడుతుంది. ఇత్తడి బొమ్మలు పోసే ధోక్రా పనివాళ్ళు మైనంలో గుగ్గిలమూ నూనే కలిపి దారాలు లాగి, మట్టి ముద్ద మీద చుట్టి బొమ్మ ఆకారం తెస్తారు. మైనం ఒక్కటే అయితే ఎండకు మరీ మెత్తబడుతుంది, గుగ్గిలం దానికి బిగువు ఇస్తుంది. పిడిలోనూ బొమ్మలోనూ అవే సరుకులు, మారేది వంతులే.

మడమల పగుళ్ళకు మలాము

నాకు ఇందులో అన్నిటికన్నా ఇష్టమైన పని ఇది. 50 గ్రాముల శుభ్రమైన గుగ్గిలం గుండ, 200 గ్రాముల నువ్వుల నూనె తీసుకోండి. ఇది ఒంటికి రాసేది కాబట్టి రోసిన్ కలిసిన సరుకు పనికిరాదు. నూనె సన్న సెగ మీద వేడెక్కాక గుండ చల్లుతూ కలపండి. పొగ రానివ్వకూడదు. కరిగిందనగానే దించి, పల్చటి నూలుగుడ్డలో వెడల్పు స్టీలు బేసిన్‌లోకి వడకట్టండి.

గోరువెచ్చగా అయ్యాక, రెండు గ్లాసుల చన్నీళ్ళు పోసి అరచేత్తో గుండ్రంగా రుద్దడం మొదలుపెట్టండి. మొదట్లో నూనె ఒకవైపు, నీళ్ళు ఒకవైపు జారిపోతుంటాయి. చేతి కింద పట్టు దొరకదు. ఆపొద్దు. కాసేపటికి నూనె బరువెక్కి బేసిన్‌కు అతుక్కోవడం మొదలవుతుంది, గోధుమ రంగు పసుపులోకి తిరుగుతుంది. ఆ నీళ్ళు వంచేసి కొత్త నీళ్ళు పోయండి. నాలుగైదు నీళ్ళు మారేసరికి పసుపు పాలిపోతుంది. చేతి కింద చప్పుడు కూడా మారుతుంది, జారుడు చప్పుడు పోయి చప్పచప్పమని వినిపిస్తుంది. పదిహేను ఇరవై నీళ్ళు మార్చేసరికి తెల్లగా, చిక్కగా, పిడికిలికి పట్టేంత ముద్ద అవుతుంది. గుగ్గిలం కరిగిన నూనె నీళ్ళను సన్న చుక్కలుగా తనలో పట్టుకోవడం వల్ల వచ్చే తెలుపు అది. ఒట్టి నువ్వుల నూనెను ఎంత రుద్దినా ఇలా కాదు.

చివరి నీళ్ళు బాగా వంచి గాజు సీసాలో పెట్టండి. రాత్రి కాళ్ళు కడిగి, తుడిచి, పగుళ్ళలో పట్టించి మేజోళ్ళు వేసుకుని పడుకోవాలి. ముందు మోచేతి లోపల కొంచెం రాసి ఒక రోజు చూడండి, దురద వస్తే వాడొద్దు. నీళ్ళు కలిసిన మలాము కనుక వాసన మారితే పారేయండి, కొద్దికొద్దిగా చేసుకోవడమే మంచిది. రక్తం వచ్చే పగుళ్ళకూ కాలిన గాయాలకూ రాయొద్దు. షుగర్ ఉన్నవాళ్ళు కాళ్ళ విషయంలో ఇంటి వైద్యం చేసుకోకుండా డాక్టరుకే చూపించాలి.

చువా గురించి ఒక్క మాట. గాలి తగలకుండా గుగ్గిలాన్ని బట్టీ పెట్టి తీసే నూనె అది. అత్తర్లలో వాసన నిలవడానికి, నమిలే పొగాకుకు ఘుమఘుమ రావడానికి వేస్తారు. మొగలిపూల అత్తర్లు తీసే గంజాంలో ఈ పేరు వినపడుతుంది. మూసిన పాత్రలో కాచే పని కాబట్టి ఇంట్లో ప్రయత్నించకండి.

నిల్వ, కడుక్కోవడం

గడ్డలుగానే దాచండి. గుండ చేసి పెడితే ఎండాకాలం మళ్ళీ గడ్డ కడుతుంది, వాసన కూడా తొందరగా తగ్గుతుంది. మూత బిగించిన డబ్బా, పొయ్యికి దూరంగా. మిగిలిన పూత ముద్దను అరిటాకు మీద బిళ్ళలుగా పోసి చల్లార్చి పెట్టుకుంటే మరోసారి కొంచెం నూనె చేర్చి కరిగించుకోవచ్చు. మాడి గరగరలాడేదైతే పనికిరాదు.

చేతికంటిన గుగ్గిలం సబ్బుకు పోదు. ముందు కొబ్బరి నూనె పట్టించి రుద్దండి, కరిగి వదులవుతుంది, తర్వాత శనగపిండితోనో సబ్బుతోనో కడుక్కోండి. గిన్నెను వేడిగా ఉన్నప్పుడే పాత గోనెతో తుడిచేస్తే సగం పని తగ్గుతుంది, మిగతాది చల్లారాక కిరోసిన్ గుడ్డతో. ఆ నీళ్ళూ గుడ్డలూ చెరువులో, గెడ్డలో కలపకుండా గొయ్యి తీసి పూడ్చండి.